మీటర్లలో కాదు, బారల్లో చెప్పించండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2025లో వేట నిషేధ భృతిని 10 వేల నుంచి 20 వేలకు పెంచారు, సంతోషం. ఇప్పుడు అడిగేది డబ్బు కాదు, కబురు. చేపలు ఎటు ఉండొచ్చో చెబుతూ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సమాచారం మా ఉప్పాడ తెప్పల దాకా రావాలి.

ఉపగ్రహానికి చేపలు కనబడవు. నీటి వేడి, నీటి రంగు కనబడతాయి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసేచోట, నీటిలోని సన్నని నాచు వల్ల పత్రహరితం ఎక్కువున్న చోట చేపకు మేత పెరుగుతుంది. దానికోసం కవళ్లు, కానాగంతలు, వాటి వెనకే వంజరాలు, సూరలు చేరతాయి. 2022 నవంబరులో మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం కొలిచేది ఈ రంగునే. మా పెద్దవాళ్లూ నీటి రంగు చూసే వల వేసేవారు కాబట్టి ఈ లెక్కను నమ్మడం మాకేం కష్టం కాదు.

కష్టమల్లా కబురు వచ్చే తీరుతోనే. ఫలానా రేవు నుంచి ఇన్ని డిగ్రీలు, ఇన్ని కిలోమీటర్లు, లోతు ఇన్ని మీటర్లు అని వస్తుంది. పెద్ద బోట్లకు అది చాలు. తెప్ప మీద వెళ్లేవాళ్లు తాడుకు గుండు కట్టి నీళ్లలోకి వదిలి, పైకి లాగుతూ చేతులు బార చాపి కొలుస్తారు. 40 మీటర్లంటే తెల్లముఖం వేస్తారు, 22 బారలంటే ఎక్కడో కళ్లు మూసుకుని చెబుతారు. పైగా ఈ కబురు చూపే బోర్డు పెట్టేది హార్బర్లో, మా తెప్పలు దిగేది ఇసుక మీద నుంచి.

గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకులున్నారు కదా. సాయంత్రం రేవులో మైకు పట్టుకుని రెండు నిమిషాలు బారల్లో చదివితే తెల్లవారుజామున బయల్దేరేవాళ్లకు సరిపోతుంది. కబురు రాని రోజున 'ఇవాళ కబురు లేదు' అనే చెప్పాలి. మబ్బు పడితే ఉపగ్రహానికి ఏమీ కనబడదు. జూన్ 15న వేట మొదలయ్యేసరికి నైరుతి మబ్బులు! అప్పుడే డీజిల్‌కు అప్పులు చేస్తాం, అప్పుడే వాట్సాప్‌లో మొన్నటి కబురు తిరుగుతుంటుంది. ప్రవాహానికి ఆ నీరు ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది.

ఒడ్డు దాటి కొంతదూరం పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు. 2024 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన లక్ష ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహం ద్వారా పడవకు, ఒడ్డుకు మధ్య కబుర్లు చేరవేసే పరికరాలు) అక్కడ పనికొస్తాయి. మన వాటాకు వచ్చినవాటిలో మోటారు తెప్పల్ని చివరి వరుసలో పెట్టకండి.

ఇంకొకటి, ఇదే అసలు టెన్షన్. కబురు అందరికీ ఒకటే. జాడ ఒడ్డుకు దగ్గర్లో పడితే ట్రాలర్లూ అక్కడికే వస్తాయి. 8 కిలోమీటర్ల లోపు అవి వేటాడకూడదన్న నిబంధన కాగితం మీద ఉంది. అలాంటి రోజుల్లోనైనా గస్తీ బోటును అటు పంపించండి. ఎటు పంపాలో ఆ కబురులోనే ఉంటుంది.

ఇట్లు,
ఉప్పాడ తీరం నుంచి ఒక మత్స్యకార కుటుంబం