పవర్ సీటు ఊగుతుంటే వెల్డింగ్ పెట్టించకండి

సంపాదకులు గారికి,

పది, పదిహేనేళ్లు తిరిగిన పెద్ద కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకే వస్తున్నాయి. వాటిలో డ్రైవర్ పవర్ సీటు (మోటారుతో జరిగేది) లొడలొడలాడటం మామూలే. బ్రేకు వేస్తే ముందుకు, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి టక్కుమని కదులుతుంది. సీటు మొత్తం మార్చమనడమో, సీటు జరిగే ఇనుప పట్టాకు వెల్డింగ్ కొట్టడమో చాలా షెడ్లలో జరిగేది. మొదటిది దండగ, రెండోది ప్రమాదం. సీటు పట్టాలు గట్టి ఉక్కువి. వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది. పైగా అంగుళం దూరంలో ఫోము, వైర్లు, కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగు ఉంటాయి.

ముందు లూజు ఎక్కడుందో పట్టుకోవాలి. వెనక సీట్లో ఒకరు కూర్చుని డ్రైవర్ సీటును ముందుకూ వెనక్కూ ఊపుతుంటే, ఇంకొకరు టార్చి వేసి కింద చూడాలి. కింది పట్టా కూడా ఫ్లోర్ మీద కదిలితే బోల్టులు వదులయ్యాయి. పై పట్టా ఒక్కటే పక్కలకు ఊగితే రెండు పట్టాల మధ్య నైలాన్ ముక్కలు అరిగాయి. ముందుకూ వెనక్కూ ఒకటి రెండు మిల్లీమీటర్లు కొట్టుకుంటుంటే సీటును జరిపే స్క్రూ రాడ్డు మీది నట్టో, చిన్న గేర్‌బాక్సును పట్టి ఉంచే బుష్షో పోయినట్టు. ఒక పక్క జరిగి రెండో పక్క నిలిచిపోయి సీటు వంకరైతే మోటారు నుంచి గేర్‌బాక్సుకు తిప్పుడు అందించే ఫ్లెక్స్ కేబుల్ జారింది. వీపు భాగం మాత్రమే ఊగితే దాని బోల్టులు చూడాలి. అవి బిగువుగానే ఉంటే వీపును వాల్చే రిక్లైనర్ మార్చాల్సిందే, దాన్ని విప్పి బాగుచేయడం మన పని కాదు.

విప్పడానికీ ఒక వరస ఉంది. కరెంటు ఉండగానే సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు, ముందుకు జరిపి వెనక బోల్టులు తీసి, సీటును మధ్యకు తేవాలి. జపాన్ కార్లకు ఎక్కువగా 14 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది, యూరప్ కార్లకు నక్షత్రం బిట్లు కావాలి. తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మూడు నిమిషాలు ఆగాకే సీటు కింది పసుపు కనెక్టరు పీకాలి. అది ఎయిర్‌బ్యాగుది. దానికి మల్టీమీటరు పెట్టకూడదు. కనెక్టరు ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే మీటరులో ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతుంది, చాలా కార్లలో అది స్కానర్ పెడితే గాని పోదు.

ఫ్లెక్స్ కేబుల్ సంగతి చాలామంది మెకానిక్‌లకు తెలియదు. లోపలి తీగ కొస చదరంగా ఉండి గేర్‌బాక్సు రంధ్రంలో కూర్చుంటుంది. కొస గుండ్రంగా అరిగిపోతే కేబుల్ మార్చాలి. కొస బాగానే ఉండి, పైతొడుగు పొడుగై అందకపోతే తొడుగును ఐదారు మిల్లీమీటర్లు కోస్తే చాలు, మళ్లీ పట్టుకుంటుంది. తిరిగి బిగించే ముందు రెండు పట్టాలనూ ఒకే పక్క చివరిదాకా తెచ్చి సరిచూడాలి. లేకపోతే సీటు వంకరగానే నడిచి, కొత్త కేబులు కూడా తెగుతుంది.

అరిగిన నైలాన్ ముక్కలు విడిగా దొరకకపోతే లేత్ మీద నైలాన్ రాడ్డుతో చేయించుకోవచ్చు. వెంట్రుకవాసి ఖాళీ వదలాలి. మరీ బిగువైతే మోటారు మీద భారం పడి ఫ్యూజు పోతుంది. పట్టాను సుత్తితో నొక్కి ఖాళీ తగ్గించడం ఇంకా చెడ్డపని. పాత గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడిచి, కొత్త లిథియం గ్రీజు పలచగా రాయాలి. ఇంజన్ ఆయిల్ పోస్తే దుమ్ము పట్టి నెలల్లో బంకలా తయారవుతుంది.

బోల్టు దగ్గర మాత్రం పొదుపు వద్దు. పాతదాని తల మీద బలాన్ని తెలిపే అంకె 8.8 అనో 10.9 అనో ఉంటుంది, అంతకు తక్కువది వేయకూడదు. రబ్బరు వాషరు అసలే వద్దు. అది అణిగిపోతే పట్టు పోయి బోల్టు మళ్లీ వదులవుతుంది. నాలుగూ చేత్తో ఎక్కించాకే, ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచి పట్టాలి. టొయోటాల్లో ఎక్కువ మోడళ్లకు 37, హోండాలకు 34 న్యూటన్ మీటర్లు. మీ కారు మాన్యువల్లో ఉన్న అంకే అసలైనది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. పాత కారు కొనేవాళ్లు సీటు బోల్టుల మీద తుప్పు, పట్టాల సందుల్లో ఎండిన ఒండ్రు చూడాలి. సీటు మోటార్లు, కంట్రోల్ పెట్టె ఉండేది సీటు కిందే.

అమెరికాలో పాత కార్లు కొంటున్న మన పిల్లలకూ ఒక మాట. 2014లో జనరల్ మోటార్స్ 4 లక్షలకు పైగా కార్లను సీటు బోల్టు కారణంతోనే మరమ్మతుకు వెనక్కి పిలిచింది. పవర్ సీటు ఎత్తు సర్దే భాగం బోల్టు ఊడి, సీటు ఉన్నట్టుండి కిందికి పడేది. వాటిలో 2010-12 షెవర్లే ఈక్వినాక్స్, కమారో ఉన్నాయి. ప్రతి కారుకూ ఉండే 17 అక్షరాల విన్ గుర్తింపు నంబరుతో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో చూస్తే ఆ మరమ్మతు జరిగిందో లేదో తెలుస్తుంది.

మన దగ్గర 15 ఏళ్లు నిండిన సొంత కార్లకు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు తనిఖీ ఉంటుంది. డ్రైవర్ సీటును పట్టుకుని ఊపి చూడటానికి అర నిమిషం చాలు. రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ దాన్ని తప్పనిసరి చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

- కార్ల సీట్ల మరమ్మతుదారులు, ఆటోనగర్, విజయవాడ