ఎరేజర్ జోలికి పోకు

ఒరేయ్,

నువ్వు పంపిన ఫోటో రాత్రే చూశాను. అందరూ ఉన్న ఫోటోలో మీ నాయనమ్మని కూడా చేర్చాలన్న నీ ఆలోచన నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ జుట్టు దగ్గర ఎరేజర్ (బొమ్మని చెరిపేసే పనిముట్టు) వాడావు కదూ? చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు సగం పోయాయి. పైగా జేపెగ్‌గా సేవ్ చేశావు. జేపెగ్‌లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన బొమ్మల పొరలు, నిలవవురా, అన్నీ కలిసి ఒకే బొమ్మ అయిపోతాయి. ఆ ఫైల్ నుంచి ఇక ఏదీ వెనక్కి తేలేం. అసలు స్కాన్ ఉంది కదా, మళ్ళీ మొదలుపెడదాం.

ఈసారి మాస్క్ పెట్టు. అది లేయర్‌కి తగిలించిన నలుపు తెలుపు బొమ్మ, అంతే. తెల్లగా ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాక్కుంటుంది, బూడిద రంగు ఉన్నచోట పల్చగా కనిపిస్తుంది. నలుపు 0 నుంచి తెలుపు 255 దాకా మెట్లుంటాయి, 128 దగ్గర దాదాపు సగం కనిపిస్తుంది. ఎక్కువ దాచేశాననిపిస్తే అక్కడే తెల్ల బ్రష్ రుద్దు, పోయిందంతా తిరిగొస్తుంది. ఫోటోలు దిద్దే ఫోటోషాప్‌లోనైనా గింప్‌లోనైనా కీబోర్డు మీద ఎక్స్ నొక్కితే బ్రష్ నలుపు, తెలుపు రంగులు తారుమారవుతాయి. నా ఎడమచేతి వేలు ఎప్పుడూ దానిమీదే ఉంటుంది.

జుట్టుని మాత్రం ఒక్కో వెంట్రుకా గీస్తూ కూర్చోకు. ఆవిడ జుట్టు తెలుపు, వెనక గోడ ముదురు రంగు. నీకిది వరం. ఛానెల్స్‌లోకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు విడివిడిగా నలుపు తెలుపులో కనిపించేచోటు) వెళ్ళి, ఆ తేడా బాగా కనిపించే ఛానెల్‌ని కాపీ చేసుకో. ఆ కాపీలో, వెలుగు చీకట్లు సర్దే లెవెల్స్‌తో గోడని నల్లబరిచి, జుట్టుని ఇంకా తెల్లగా చెయ్యి. అంచుల్లో బ్రష్ మోడ్‌ని (రంగు కలిసే తీరుని) ఓవర్‌లేకి మార్చి తెల్లరంగు రుద్దితే, కటిక నలుపు కదలదు, బూడిద రంగు వెంట్రుకలు మాత్రం తెల్లబడతాయి. ముఖం, బట్టలు మామూలు బ్రష్‌తో తెల్లగా నింపేసి, దాన్నే సెలక్షన్‌గా (ఎంచుకున్న భాగంగా) తీసుకుని నాయనమ్మ లేయర్‌కి మాస్క్ చేసెయ్.

అసలు అంతకన్నా ముందు, అతుకు ఎక్కడ పడాలో చూసుకోవాలి. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రం ఫోటోలు తీసేవాడు. అప్పటి ఫోటో ప్లేట్లు నీలిరంగుని ఎక్కువగా పట్టేసేవి, సముద్రం సరిగ్గా వస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. అందుకని రెండిటికీ వేర్వేరు నెగటివ్‌లు వాడి, నీరూ ఆకాశమూ కలిసే గీత దగ్గర జోడించి ప్రింట్ చేశాడు. అక్కడ ఎలాగూ ఒక గీత ఉంటుంది కాబట్టి కన్ను అనుమానించదు. ఎంత తెలివైన పనో చూడు! నువ్వు నాయనమ్మని అందరికంటే ముందు నిలబెట్టావు. వెనక వరసలో ఇద్దరి భుజాల మధ్య పెట్టి చూడు. తల, ఒక భుజం సరిగ్గా కుదిరితే చాలు.

ఇంకొకటి, వెలుతురు. ఆవిడ మీద ఎడమవైపు నుంచి పడింది, మిగతావాళ్ళ మీద కుడివైపు నుంచి. ఫోటోని అడ్డంగా తిప్పేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకు. చెంప మీద పుట్టుమచ్చ అటు మారితే మీ నాన్నగారు చూడగానే పట్టేస్తారు. వెలుతురు మార్చే కర్వ్స్ లేయర్లు రెండు, ఒకటి పెంచేది, ఒకటి తగ్గించేది, ఆవిడ లేయర్‌కి మాత్రమే వర్తించేలా క్లిప్ చేసి, వాటి మాస్క్‌ల మీద మెత్తటి బ్రష్‌తో కుడి చెంప కొంచెం వెలిగించు, ఎడమ చెంప తగ్గించు. తక్కువ ఫ్లోతో (బ్రష్ నుంచి రంగు కొంచెం కొంచెంగా పడేలా), నిదానంగా.

లేయర్లు నిలిచే ఫోటోషాప్ ఫైల్, అదే పీఎస్‌డీ, లేయర్లతో సహా పంపు, జుట్టు దగ్గర నేనూ ఓ చెయ్యి వేస్తాను. ఈలోగా నాయనమ్మ ఎవరి పక్కన నిలబడితే బాగుంటుందో నాన్నగారిని అడిగి ఉంచు.

నీ
నేస్తం