ఐరన్ మాత్రలతో రక్తం పెరగకపోతే చిగుళ్లూ చూడాలి

సంపాదకులకు,

రక్తం తక్కువుందంటే మన దవాఖానల్లో ఐరన్ మాత్రలు ఇస్తారు. అది సరైన వైద్యమే. అయితే మూడు నెలలు మానకుండా మింగినా హిమోగ్లోబిన్ 10 దాటని వాళ్లను ఒకసారి నోరు తెరవమనాలి.

చిగుళ్ల నుంచి కారే రక్తం వల్లే ఒంట్లో రక్తం తగ్గుతుందనుకుంటారు. కారేది కొద్దిగానే, అసలు నష్టం లోపల జరుగుతుంది. పంటికీ చిగురుకూ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. గార పేరుకుని అది 5, 6 మిల్లీమీటర్ల లోతుకు దిగితే అక్కడ వాపు మానదు. ఆ వాపు వల్ల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేత ప్రోటీన్ పెరిగి, కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. హెప్సిడిన్ పేగులోంచి ఇనుమును రక్తంలోకి పోనివ్వదు, ఒంట్లో దాచి ఉన్నదాన్నీ బయటికి రానివ్వదు. గరిసెల వడ్లుండి తలుపుకు తాళం పడ్డట్టు.

అందుకే రక్తకణాలు లెక్కించే సీబీపీతో పాటు ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్, వాపు చూపే సీఆర్‌పీ పరీక్షలూ చేయించాలి. వాపు ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. అప్పుడు 50 వచ్చినా ఇనుము నిల్వ బాగుందనుకోవద్దు, 70 లోపుంటే లోటున్నట్టే లెక్క.

హిమోగ్లోబిన్ 7కు పడిపోతే మాత్రం తప్పు చిగుళ్ల మీద వేయొద్దు. నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, కొంకి పురుగులు ముందు చూడాలి. గార లేకుండానే చిగుళ్లు కారుతూ, ఒంటిమీద ఎర్రటి చుక్కలు లేస్తే క్లీనింగ్‌కు ముందే ప్లేట్‌లెట్లు లెక్కించాలి.

రక్తం రావట్లేదు కాబట్టి చిగుళ్లు మంచిగున్నయనడం కూడా పొరపాటే. బీడీ తాగేవాళ్లకు నికోటిన్ వల్ల నాళాలు ముడుచుకుని రక్తం తక్కువ కారుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ల చిగురు పాలిపోయి ఉంటుంది కాబట్టి వాపు ఎరుపు సరిగ్గా కనబడదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మనలో బలంగా ఉంది. ఎముక అప్పటికే కరిగి ఉంటుంది, గార పోయాక ఆ కదలిక బయటపడుతుంది, అంతే. సందులు లోతుగా ఉంటే వేర్ల దాకా శుభ్రం చేయించి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు లోతు మళ్లీ కొలిపించాలి. గర్భిణులకు 4 నుంచి 6 నెలల మధ్య కాలం అనువైనది. ఐరన్ మాత్ర ఆపొద్దు, దానికి ముందూ వెనకా గంటసేపు చాయ్ తాగొద్దు.

రక్తపరీక్ష శిబిరాల్లో వేలికి సూది గుచ్చేటప్పుడే టార్చి వేసి చిగుళ్లు కూడా చూడాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక దంతవైద్యుడు, హనుమకొండ