రాత్రికి రాత్రి కారు మారితే బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

కంపెనీ ఇంటర్నెట్ ద్వారా రాత్రికి రాత్రే కొత్త సాఫ్ట్‌వేర్ (అప్‌డేట్) పంపితే, ఇంటి ముందు నిలబెట్టిన కారు తెల్లారేసరికి కొత్త సదుపాయాలతో తయారుగా ఉంటుందంటూ పది రోజుల కింద మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. అందులో కంపెనీల మాటే ఉంది, బండి నడిపేవాళ్ల మాట ఒక్కటీ లేదు. అందుకే రాస్తున్నాను.

ఇండికేటర్ వేయకుండా గీత దాటితే స్టీరింగ్‌ను తనంతట తానే వెనక్కి తిప్పే ఏర్పాటు మా కారులో ఉంది. మన రోడ్లకు అది కుదరదని కొన్న వారానికే ఆఫ్ చేసి పెట్టుకున్నాను. మొన్న కోతలప్పుడు అమ్మను తీసుకుని పరకాల వైపు బయల్దేరాం. మీకు తెలియనిది కాదు, ఊరు రాగానే ఎడమ పక్క సగం రోడ్డు నిండా వడ్లే. అంచున వరుసగా రాళ్లు. ఒక పెద్దావిడ వంగి కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. ముందున్న ఆటోలాగే నేనూ కుడికి జరిగాను. టైరు నడిమి గీత ఎక్కిందో లేదో, స్టీరింగ్ నా చేతుల్లోంచి ఎడమకు, అంటే ఆవిడ వైపు గుంజింది. గట్టిగా పట్టుకుని బ్రేకు తొక్కితే రాళ్లకు జానెడు దూరంలో బండి ఆగింది. ఆవిడ నన్ను తిట్టింది. తిట్టకుండా ఎట్లా ఉంటుంది, నడుపుతున్నది నేనే కదా. అమ్మ ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు.

రెండు రోజుల ముందు రాత్రి స్క్రీన్ మీద అప్‌డేట్ అని వస్తే ఓకే నొక్కాను. దాంతో నేను మార్చుకున్న సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి వచ్చాయి. ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. 'పనితీరు మెరుగుపరిచాం, చిన్న లోపాలు సరిచేశాం' అని రెండు ముక్కలు, అవీ ఇంగ్లిష్‌లో. సర్వీస్ సెంటర్‌లో అడిగితే 'అప్‌డేట్ అయ్యాక అన్నీ ఒకసారి చూసుకోవాలి సార్' అన్నారు. ఏం చూసుకోవాలో రాసిన కాగితం ఇవ్వమంటే లేదన్నారు. పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయమంటే కుదరదన్నారు. లక్షలు పోసి కొన్న బండిలో ఏం మారిందో తెలుసుకునే హక్కు కూడా మాకు లేదా?

పరీక్షించడం చేతకాక ఇలా జరుగుతోందని నేను అనుకోను. కారులోని కంప్యూటర్లన్నిటినీ ల్యాబ్‌లో బల్ల మీద కలిపి, రోడ్డు మీద ఉన్నట్టే భ్రమింపజేసి పరీక్షిస్తారు. తర్వాత సొంత ఉద్యోగుల కార్లలో, ఆ తర్వాత కొద్దిమంది కొనుగోలుదారుల కార్లలో వేసి చూసి, అప్పుడు అందరికీ వదులుతారు. అంత చేసినా తప్పులు జరుగుతాయి. 2023 నవంబర్‌లో అమెరికాలో రివియన్ కంపెనీ పొరపాటున వేరే ఫైలు పంపితే కార్లలో స్క్రీన్లు నల్లబడ్డాయి. విడతలవారీగా పంపుతున్నారు కాబట్టి కొన్ని కార్లతోనే ఆగింది. 2021 అక్టోబర్‌లో టెస్లా పంపిన ఒక అప్‌డేట్ వల్ల ఎదురుగా ఏమీ లేకున్నా ప్రమాద హెచ్చరికలు మోగడం, బ్రేకులు పడడం మొదలైతే దాన్ని వెనక్కి తీసుకుని, 11,704 కార్లకు రీకాల్ (అమ్మిన బండ్లలో లోపాన్ని కంపెనీయే సరిచేసే ఏర్పాటు) ప్రకటించారు. తప్పు ఒప్పుకున్నారు, లెక్క చెప్పారు. మన దగ్గర నా ఫోన్‌కు ఒక ఎస్ఎంఎస్ కూడా రాలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఆ ల్యాబుల్లో వడ్లు పోసిన రోడ్డు ఉందా? గీతలు చెరిగిపోయిన రోడ్డు, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్, సిగ్నల్ అందని తాడ్వాయి అడవి ఉన్నాయా? రైతును అనడానికి నాకు నోరు రాదు. కొనుగోలు కేంద్రాల దగ్గర సరిపడా కల్లాలు కట్టించి ఉంటే ఆ పెద్దావిడ తారు రోడ్డు మీద ఎందుకు నిలబడుతుంది? ప్రతి సీజన్‌లో అధికారులు వచ్చి ఫొటోలు దిగి పోతారు, వడ్లు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి.

ఇక రవాణా శాఖ. రోడ్డు మీద ఆపితే ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం అడుగుతారు. అడగాల్సిందే. కొత్త మోడల్ అమ్మాలంటే పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష నెగ్గాలన్న నియమమూ మంచిదే. కానీ అమ్మిన రెండేళ్లకు స్టీరింగ్, బ్రేకుల పద్ధతి మారిస్తే దాన్ని ఎవరు చూస్తున్నారు? యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ ఐక్యరాజ్యసమితి 156వ నిబంధన వర్తిస్తోంది. అప్‌డేట్‌కు ముందే ఏం మారుతుందో యజమానికి చెప్పాలి, మధ్యలో చెడిపోతే బండి పాత స్థితికైనా రావాలి, సురక్షితంగానైనా నిలవాలి. మన దగ్గర ఏఐఎస్-190 అనే వాహన ప్రమాణం పేరుతో అలాంటి ముసాయిదానే వచ్చింది. అది మా ఇంటి ముందున్న కారు దాకా రావాలి. ప్రమాదకరమైన లోపముంటే రీకాల్‌కు ఆదేశించే అధికారం మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. సాఫ్ట్‌వేర్ లోపం కూడా లోపమే.

ఆ వార్త రాసిన మీ విలేకరికి ఒక విన్నపం. అప్‌డేట్ వదిలే ముందు మన జిల్లాల రోడ్ల మీద ఒక్క కిలోమీటరైనా నడిపి చూశారా అని కార్ల కంపెనీలను అడగండి. యజమాని ఆఫ్ చేసుకున్నదాన్ని అడగకుండా ఆన్ చేసే అధికారం ఎవరిచ్చారో కూడా అడగండి. వాళ్ల జవాబును ఆ వార్త వేసిన పేజీలోనే వేయండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ