2024 వార్షిక నివేదిక: ఓటు, మనవాళ్లు, పార్టీ

గౌరవనీయులైన సభ్యులకు, పెద్దలకు, కార్యవర్గ మిత్రులకు నమస్కారం.

సంక్రాంతి ముగ్గులతో మొదలైన 2024 డాలస్ ఉత్తరాన ఉన్న మన తెలుగు సంఘానికి నిండుగా గడిచింది. ఏప్రిల్‌లో క్రోధి నామ ఉగాది, అక్టోబరులో బతుకమ్మ, ఆ తర్వాత దీపావళి భోజనాలు యథావిధిగా జరిగాయి. ఆదివారం తెలుగు బడికి పిల్లలు పెరిగారు, గది సరిపోవడం లేదు. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేం అడగకముందే సభ్యులు డబ్బు పంపారు. జమాఖర్చుల లెక్క కోశాధికారి విడిగా పంపుతున్నారు. అందుకని ఈ నివేదికలో ఎక్కువ చోటు ఓటరు అవగాహన కార్యక్రమానికే ఇస్తున్నాను. ఈ ఏడాది మన వాట్సాప్ గ్రూపులో, పాట్‌లక్ భోజనాల దగ్గర, చివరికి పార్కింగ్ లాట్‌లో కూడా నడిచిన మాట అదే. టెన్షన్ కూడా అక్కడే పుట్టింది.

జులై 15న రిపబ్లికన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి. వాన్స్ పేరు ఖరారైంది. ఆయన భార్య ఉష చిలుకూరి వారి అమ్మాయి, తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవారు, తాతల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు. వారం తిరక్కుండానే, 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకుని కమలా హారిస్‌కు మద్దతు పలికారు. హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ తమిళావిడ. అక్కడ వడ్లూరులో ఒకరి కోసం పూజలు, తమిళనాడులోని తులసేంద్రపురంలో ఇంకొకరి కోసం అర్చనలు. ఇక్కడ డాలస్ ఉత్తరాన మన గ్రూపులో ఇద్దరినీ 'మన అమ్మాయి' అన్నవాళ్లున్నారు. ఇద్దరిలో ఒకరినే అలా పిలవాలని పట్టుబట్టినవాళ్లూ ఉన్నారు. సంఘం వేదిక మీద అభినందన తీర్మానం పెట్టమని రెండు వైపుల నుంచీ ఉత్తరాలు వచ్చాయి.

కార్యవర్గం రెండిటినీ తిరస్కరించింది. మనది 501సీ3 కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. ఎన్నికల్లో ఏ అభ్యర్థి తరఫునా, ఏ అభ్యర్థికి వ్యతిరేకంగానూ ఇలాంటి సంస్థలు ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం ఉంది. అప్పట్లో సెనేటర్‌గా ఉన్న మన టెక్సాస్ మనిషి లిండన్ జాన్సన్ తెచ్చిన నిబంధన అది. చట్టం లేకపోయినా నేను ఇదే మాట అనేవాణ్ణి. ఉగాది వేడుకల నాటికి ఆంధ్రప్రదేశ్ ఎన్నికల వేడి రాజుకుంది. అక్కడి పార్టీల కండువాలు మన హాల్లో కనిపించాయి, ఒక మూల నుంచి నినాదాలూ వినిపించాయి. పిల్లల నాటిక మధ్యలో ఆగింది. ఊళ్లో పార్టీ అనేది చాలామందికి ఇంటిపేరులా పుట్టుకతో వస్తుంది, సముద్రాలు దాటినా వదలదు. అందుకే ఈ విషయాన్ని కప్పిపెట్టకుండా కూర్చుని మాట్లాడుకుందామని ఆగస్టు నుంచి అక్టోబరు దాకా లైబ్రరీ గదిలో శనివారం చర్చలు పెట్టాం.

మొదటి చర్చ నల్లజాతి ఓటర్ల మీద పెట్టడానికి కారణం ఉంది. 'వాళ్లు ఆలోచించకుండా ఒకే పార్టీకి గుద్దేస్తారు' అనే మాట మనవాళ్ల నోట తరచుగా వింటున్నాం. దక్షిణ డాలస్‌లో టీచరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ అతిథిగా వచ్చారు. ఓటు వేయాలంటే టెక్సాస్‌లో ఒకప్పుడు ఏటా ఒకటిన్నర డాలరు పైన పన్ను కట్టాలి. వాళ్ల నాన్న కట్టిన పన్ను రసీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చారు. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది. పేరు, ఊరు, వృత్తి, వాటితో పాటు జాతి ఏమిటో రాసే గడి. ముందు వరసలో కూర్చున్న మన కాలేజీ పిల్లలు ఆ గడిని ఫోన్లో ఫొటో తీసుకున్నారు.

ఆవిడ చెప్పిన చరిత్రను ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి. 1870లో అమెరికా రాజ్యాంగపు 15వ సవరణ నల్లజాతి మగవాళ్లకు ఓటు ఇచ్చాక వాళ్లు వేసింది లింకన్ పార్టీకి, అంటే రిపబ్లికన్లకు. ఇక్కడ టెక్సాస్‌లో డెమొక్రాట్లు తమ ప్రైమరీలోకి, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోకి, తెల్లవాళ్లను తప్ప ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో ప్రైమరీ గెలిస్తే నవంబరు ఎన్నిక గెలిచినట్టే. హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే దంతవైద్యుడు కోర్టుకెక్కితే, తుర్‌గుడ్ మార్షల్ వాదిస్తే, 1944లో సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిపించింది. ఈలోగా మాంద్యం రోజుల్లో డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పనులు కల్పించడంతో 1936 నాటికే ఎక్కువమంది నల్లజాతి ఓటర్లు ఆయన వైపు వచ్చేశారు. అయినా 1960లో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కు వాళ్ల ఓట్లలో దాదాపు మూడో వంతు పడ్డాయి. తెగతెంపులు జరిగింది 1964లో. పౌరహక్కుల చట్టం మీద డెమొక్రాట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టారు, ఆయన మీద రిపబ్లికన్ అభ్యర్థిగా నిలబడిన గోల్డ్‌వాటర్ ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఏడాది నుంచి అధ్యక్ష ఎన్నికల్లో పదింటికి తొమ్మిది ఓట్ల దాకా ఒకే వైపు పడుతూ వచ్చాయి. తమను గెంటేసిన పార్టీకే తర్వాత ఇంత గట్టిగా నిలబడ్డారంటే అది గుడ్డితనం ఎలా అవుతుంది? ఎవరు ఎప్పుడు ఏం చేశారో లెక్క పెట్టుకుని తీసుకున్న నిర్ణయమది.

రంగు చూసి వేస్తారనే వాదన కూడా నిలవదు. 2004లో ఇల్లినాయ్ సెనేట్ సీటుకు రెండు పార్టీలూ నల్లజాతి అభ్యర్థులనే పెట్టాయి. రాష్ట్రం మొత్తం మీద డెమొక్రాట్ ఒబామాకు 70 శాతం వచ్చింది, రిపబ్లికన్ అలన్ కీస్‌కు 27. మెంఫిస్‌లో నల్లజాతివారే ఎక్కువగా ఉన్న నియోజకవర్గానికి స్టీవ్ కోహెన్ అనే తెల్లజాతి యూదు నాయకుడు 2007 నుంచి ప్రతినిధి. నగరానికి తొలి నల్లజాతి మేయరుగా ఎన్నికైన విల్లీ హెరెంటన్ 2010 ప్రైమరీలో ఆయన మీద పోటీ చేసి చిత్తుగా ఓడిపోయారు.

రెండో శనివారం మాట్లాడుకున్న సంగతి నన్ను ఇంకా వదల్లేదు. ఇస్మాయిల్ వైట్, క్రిల్ లెయిర్డ్ అనే రాజకీయశాస్త్ర పరిశోధకులు నల్లజాతి విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. చేతికి కొంత డబ్బిచ్చి డెమొక్రాట్ ఒబామా, రిపబ్లికన్ రోమ్నీ ప్రచారాలకు పంచమన్నారు. రోమ్నీకి ఇచ్చేకొద్దీ విద్యార్థి జేబులోకీ కొంత వస్తుందన్నారు. కొందరు ఆ ఆశకు అటు మొగ్గారు. ఎవరు ఎవరికి ఇచ్చారో కాలేజీ పత్రికలో వేస్తామని చెప్పినప్పుడు మాత్రం మొగ్గు తగ్గిపోయింది. పార్టీ విధేయత మనసులో ఎంత ఉంటుందో, నలుగురి చూపులోనూ అంత ఉంటుందన్నమాట. హక్కుల కోసం కలిసి కొట్లాడాల్సిన జనానికి ఆ చూపు ఒక బలం. చర్చీలో పక్కన కూర్చునేవాళ్లు, బంధువులు, పొరుగువాళ్లు గీత దాటనివ్వకపోవడం వల్లే ఆ ఓటు చీలకుండా నిలిచింది. మన సంగతి వేరు. అలాంటి పోరాటం ఏదీ చేయకుండానే, ఎవరు ఎటు వేశారో ఆరా తీసే అలవాటు మాత్రం మనలో పాకుతోంది. ఒక సభ్యురాలి ఇంటి ముందు పెట్టిన ఎన్నికల ప్రచార బోర్డు చూసి ఆమెను బతుకమ్మ కమిటీ గ్రూపులోంచి తీసేశారు. ఇది తప్పు. కార్యవర్గం ఆమెను తిరిగి చేర్చింది, తీసినవారితో మాట్లాడింది.

మనవాళ్ల ఓటు ఎటు అన్న చర్చకు గది నిండిపోయింది. 2019 సెప్టెంబరులో హ్యూస్టన్ స్టేడియంలో మోదీ, ట్రంప్ చేతులు కలిపి నడిచినప్పుడు, 'అబ్ కీ బార్ ట్రంప్ సర్కార్' (ఈసారి ట్రంప్ ప్రభుత్వమే) అనే మాట మోదీ నోట వినిపించినప్పుడు ఇండియన్ల ఓటు మారిపోయిందని అందరూ అనుకున్నారు. ఏడాది తర్వాత కార్నెగీ పరిశోధన సంస్థ చేసిన సర్వేలో భారత సంతతి ఓటర్లలో 72 శాతం బైడెన్ పేరు చెప్పారు, 22 శాతం ట్రంప్ పేరు. 2024లో హారిస్ తల్లి మన పక్క రాష్ట్రపు ఆడపడుచు అయినా అదే సర్వేలో ఆమెకు వచ్చింది 61 శాతమే, ట్రంప్‌కు 32. ఆడవాళ్లలో 67 శాతం హారిస్ వైపు ఉంటే మగవాళ్లలో 53 శాతం. రక్తం ఒకటైతే ఓటు ఒకటవుతుందనే నమ్మకానికి ఈ అంకెల్లో ఆధారం కనపడదు. ఉషా వాన్స్ కూడా ఒకప్పుడు డెమొక్రాట్‌గా నమోదైనవారే.

టెక్సాస్ దక్షిణ అంచున, రియో గ్రాండ్ నది ఒడ్డున ఉన్న స్టార్ కౌంటీ ఇంకా గట్టి ఉదాహరణ. నూటికి తొంభై ఏడుగురు హిస్పానిక్‌లు. 2012లో అక్కడ ఒబామాకు 86 శాతం, 2016లో హిల్లరీకి 79, 2020లో బైడెన్‌కు 52. ఈ నవంబరులో ట్రంప్ గెలిచారు. 1892 తర్వాత ఆ కౌంటీ అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్‌కు వేయడం ఇదే మొదటిసారి. వందేళ్లు దాటిన విధేయత మూడు ఎన్నికల్లో కరిగిపోయింది.

అయినా మనం మరిచిపోకూడని బాకీ ఒకటుంది. ఇండియన్లు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి తగరని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు తెరుచుకోవడానికి 1946 దాకా పట్టింది. నల్లజాతివారు దెబ్బలు తిని సాధించిన ఓటుహక్కు చట్టం 1965 ఆగస్టులో వచ్చింది, మన తరాలను ఇక్కడికి రానిచ్చిన వలస చట్టం అదే ఏడాది అక్టోబరులో, అదే జాన్సన్ సంతకంతో వచ్చింది. ఎవరు ఏ పార్టీకైనా వేసుకోవచ్చు. నల్లజాతి ఓటర్లను చులకన చేసే మాట మాత్రం మన వేదిక మీద ఇకపై వినపడకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పని విషయానికొస్తే, టెక్సాస్‌లో కొత్త ఓటరు ఆన్‌లైన్‌లో నమోదు కాలేరు. కాగితం మీద సంతకం చేయాల్సిందే. మన వాలంటీర్లు కొందరు కౌంటీ దగ్గర డిప్యూటీ రిజిస్ట్రార్లుగా, అంటే ఓటర్లను నమోదు చేయించే అధికారం ఉన్నవారిగా, శిక్షణ తీసుకుని, గుడి దగ్గరా కిరాణా కొట్ల ముందూ బల్లలు వేసి, గడువైన అక్టోబరు 7 దాకా ఫారాలు నింపించారు. పార్టీ ఏదని ఎవరినీ అడగలేదు. ఇక్కడ నమోదు ఫారంలో పార్టీ గడి అసలు ఉండదు. గ్రీన్‌కార్డు, వీసాల మీద ఉన్నవారు నమోదు కాకూడదని ప్రతి బల్ల మీదా తెలుగులో రాసి పెట్టాం. ఒకే మీటతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతి 2020 నుంచి రద్దయింది కాబట్టి జడ్జీల దాకా ఒక్కొక్క పదవికీ విడివిడిగా ఎంచుకోవాలి. నమూనా బ్యాలెట్ తెచ్చి ఆ పొడవు చూపిస్తే చాలామంది ఆశ్చర్యపోయారు.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లు తమకు నచ్చినవారిని సాయం తీసుకెళ్లే హక్కు చట్టంలో ఉంది. యజమాని, యూనియన్ మనిషి తప్ప ఎవరైనా వెళ్లొచ్చు. మాటతో గానీ, సైగతో గానీ ఎవరికి వేయాలో సూచించనని సాయం వెళ్లినవారు ప్రమాణం చేయాలి. ఈ ప్రమాణం సంగతి చదివి వినిపించినప్పుడు, కొడుకు చెప్పినట్టే వేయాలేమో అనుకున్న ఒక అత్తయ్యగారు తన ఓటు తనదేనా అని రెండుసార్లు అడిగారు. తనదేనని మా వాలంటీరమ్మాయి రెండుసార్లూ చెప్పింది.

వచ్చే ఏడాది మే 3న మన నగరాలకు, స్కూల్ బోర్డులకు ఎన్నికలున్నాయి. ఆ బ్యాలెట్ మీద పార్టీ పేర్లుండవు. పేరు చూసి మనవాళ్లేనా అని వెతుక్కునే అవకాశం ఎక్కువ కాబట్టి మార్చిలో అభ్యర్థులందరినీ, తెలుగువారైనా కాకపోయినా, ఒకే సమావేశానికి పిలవాలని నిర్ణయించాం. బస్సు రూట్లు, స్కూల్ సరిహద్దులు, ఆస్తి పన్ను మీద సభ్యులు ప్రశ్నలు రాసి పంపాలి. డిప్యూటీ రిజిస్ట్రార్ల గడువు డిసెంబరు 31తో ముగుస్తుంది. జనవరిలో మళ్లీ నియామకం తీసుకోవడానికి ముందుకొచ్చేవారు కార్యాలయంలో పేరివ్వగలరు. ఓటరు నమోదుకు ఆఖరు తేదీ ఏప్రిల్ 3.

ఇట్లు
ప్రధాన కార్యదర్శి, కార్యవర్గం తరఫున