బూస్టర్ కొనే ముందు ఒక్కసారి మెనూ తెరువు

రెడింగ్,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ సత్యం,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్‌లో చెప్పే సంగతి కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. లెస్టర్‌లో సొంత ఇల్లు కుదిరినందుకు మా ఇంట్లో అందరం చాలా సంతోషించాం. అత్తయ్య వచ్చే నెల వస్తున్నారంటే ఇంకా సంతోషం. ఆవిడ వచ్చేలోగా హాల్లో టీవీ సరిచేయాలని నువ్వు పడుతున్న టెన్షన్ నాకు బాగా తెలుసు. కొన్ని ఛానళ్లు శుభ్రంగా వస్తున్నాయి, కొన్ని గళ్లు గళ్లుగా విరిగిపోతున్నాయి, కొన్ని అసలు లేవు, ఆన్‌లైన్‌లో సిగ్నల్ పెంచే బూస్టర్ ఒకటి చూశాను, కొననా అని అడిగావు.

కొనకు. కనీసం ఈ ఉత్తరం చదివేదాకా ఆగు.

మన ఊళ్లో మీ డాబా మీద యాంటెనా గుర్తుందా? ఇనప గొట్టాన్ని నువ్వు పట్టుకుని తిప్పుతుంటే నేను గుమ్మంలో నిలబడి "వచ్చింది, వచ్చింది... పోయిందిరా!" అని అరిచేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం పాటలు మొదలయ్యేలోగా బొమ్మ కుదరాలి. అప్పుడు మన కళ్లే మీటరు. సిగ్నల్ కాస్త తగ్గితే చుక్కలు పడేవి, ఇంకాస్త తగ్గితే బొమ్మ వెనక ఇంకో బొమ్మ నీడలా కదిలేది, మాట మాత్రం వినపడుతూనే ఉండేది. ఎటు తిప్పాలో ఆ చుక్కలే చెప్పేవి.

డిజిటల్‌లో ఆ సౌకర్యం లేదు. సిగ్నల్ ఎంత పాడవుతున్నా కొంతవరకు టీవీ లోపల్లోపలే తప్పులు దిద్దుకుంటుంది, బొమ్మ అద్దంలా కనిపిస్తుంది. దిద్దుకోగల హద్దు దాటగానే గళ్లు, ఆ వెంటనే నల్ల తెర. నిన్న బాగా వచ్చింది, ఇవాళ పోయింది అని మనం అనుకుంటాం గానీ, ఆ సిగ్నల్ చాలా రోజులుగా గట్టు అంచున నిలబడి ఉంటుంది. అందుకని బొమ్మను నమ్మకు. టీవీ సెట్టింగ్స్‌లో సిగ్నల్ సమాచారం చూపించే పేజీ ఒకటి ఉంటుంది, అది తెరువు. అందులో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ అంటే ఎంత వస్తోందో, క్వాలిటీ అంటే వచ్చినదాంట్లో పనికొచ్చేది ఎంతో. నువ్వు ముందు చూడాల్సింది క్వాలిటీ.

ఇంకో సంగతి. ఇక్కడ బ్రిటన్‌లో యాంటెనాకు ఉచితంగా అందే డిజిటల్ టీవీ, అంటే ఫ్రీవ్యూ, 2002 అక్టోబర్‌లో మొదలైంది. పాత అనలాగ్ ప్రసారాలను 2007 నుంచి ప్రాంతాలవారీగా ఆపుకుంటూ వచ్చి 2012 అక్టోబర్‌లో పూర్తిగా ముగించారు. ఇప్పుడు ఒక్కో ఛానల్‌కు ఒక్కో తరంగం లేదు. కొన్ని ఛానళ్లను కలిపి ఒక మూట కడతారు, దాన్ని మల్టీప్లెక్స్ అంటారు. పెద్ద ట్రాన్స్‌మిటర్ అయితే ఆరు మూటలు పంపిస్తుంది. బీబీసీ వన్ మామూలుది, అంటే ఒకటో నంబరు, ఒక మూటలో, దాని హెచ్‌డీ, అంటే 101వ నంబరు, ఇంకో మూటలో వస్తాయి. ఆ హెచ్‌డీ మూట డీవీబీ-టీ2 అనే కొత్త పద్ధతిలో వస్తుంది. అదే జాగాలో ఒకటిన్నర రెట్లకు పైగా సమాచారం కుక్కుతారు. అందుకే నీకు కొన్ని వచ్చి కొన్ని పోతున్నాయి. కాగితం తీసుకుని ఏ ఛానళ్లు పోయాయో రాసుకో. పోయినవన్నీ ఒకే మూటలోవైతే సమస్య ఆ ఒక్క తరంగం దగ్గరే ఉందని తెలిసిపోతుంది. అన్ని మూటల్లోనూ క్వాలిటీ ఊగిసలాడుతుంటే వైరునో, జాయింటునో, యాంటెనానో అనుమానించాలి.

ఇదంతా నాకు ఎలా తెలిసిందో చెబుతాను. మా ఇంట్లో మొన్న ఏప్రిల్‌లో 101 విరగడం మొదలైంది. ఒకటో నంబరు మాత్రం చక్కగా వచ్చేది. నేనూ నీలాగే బూస్టర్ తెచ్చి టీవీ వెనక పెట్టాను. స్ట్రెంగ్త్ 60 నుంచి 92కి ఎగిరింది. పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల్లో అంతవరకూ బాగున్న ఛానళ్లు కూడా విరగసాగాయి. అప్పుడు క్వాలిటీ చూస్తే 30. బూస్టర్ మైకులాంటిదిరా. గొంతు బొంగురుపోయినవాడి చేతికి మైకు ఇస్తే ఆ బొంగురే ఊరంతా వినిపిస్తుంది. వైరులో దారిలోనే పాడైన సిగ్నల్‌ను చివర్లో ఎంత పెంచినా బాగుపడదు, దాంతోపాటు రొద కూడా పెరుగుతుంది. పైగా సిగ్నల్ మరీ ఎక్కువైతే టీవీలోని ట్యూనర్ తట్టుకోలేదు. అప్పుడు కూడా తెర మీద వచ్చేది అవే గళ్లు. తక్కువైనా, ఎక్కువైనా లక్షణం ఒకటే కావడంతో మనుషులు మోసపోతారు.

జూన్ చివర్లో నాన్న ఉన్నారు ఇక్కడ. వింబుల్డన్ మొదలైంది. రోజూ మధ్యాహ్నం కాఫీ గ్లాసు పట్టుకుని సోఫాలో కూర్చునేవారు. ఆ వారం ఎండ దంచేసింది, గాలి కదల్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్న కాస్త సిగ్నల్ కూడా పోయింది. ఇంత మంచి వాతావరణంలో పోవడమేమిటి అని నాకు అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది, అధిక పీడనం ఉన్నప్పుడు పైన వెచ్చటి గాలి పొర ఏర్పడి, దూరంగా వెళ్లిపోవాల్సిన తరంగాలను వంచి వందల మైళ్ల అవతల దించుతుందట. ఐరోపా దేశాల ప్రసారాలు కూడా సముద్రం దాటి వచ్చి మన ఛానల్ మీద పడతాయి. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. అలాంటప్పుడు రీట్యూన్ మాత్రం, అంటే ఛానళ్లను మళ్లీ మొదట్నుంచి వెతికించడం, చేయకూడదు. నేను అదే చేశాను. అసలు సిగ్నల్ అణిగిపోయి ఉన్న సమయంలో వెతికిస్తే టీవీ పాతవన్నీ చెరిపేసి, దొరికిన నాలుగైదే దాచుకుంది. నాన్న "పోనీలేరా, రేపు చూస్తాను" అని లేచి గదిలోకి వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ శనివారం అటక ఎక్కాను. పొగగొట్టానికి కట్టిన యాంటెనా నుంచి వైరు అటకలోకి దిగి, అక్కడ ఒక స్ప్లిటర్‌లో మూడు గదులకు చీలింది. రెండు గదుల్లో టీవీలే లేవు. స్ప్లిటర్ రెండుగా చీల్చినా సిగ్నల్ సగం పోతుంది, మూడు నాలుగుగా చీలిస్తే ఇంకా పోతుంది. పాత గోధుమరంగు వైరు కొస కత్తిరించి చూస్తే లోపలి రాగి జల్లెడ నల్లబడి ఉంది. పైన తొడుగు ఎక్కడో చిట్లి, వాన నీరు వత్తిలో నూనె పాకినట్టు జల్లెడ వెంట కిందికి దిగింది. మన ఊళ్లో వాడిన రెండు తీగల బద్దీ వైరు అయితే చిట్లింది బయటికి కనిపించేది, ఇందులో అంతా లోపలే.

స్ప్లిటర్ తీసేశాను, బూస్టర్ తీసేశాను. లోపల రాగి రేకు, దాని మీద రాగి జల్లెడ, రెండు పొరలూ ఉన్న శాటిలైట్ రకం వైరు అటక నుంచి టీవీ దాకా కొత్తగా లాగాను. కొసలకు మర తిప్పి బిగించే ఎఫ్ కనెక్టర్లు వేశాను. నేను పైన, నాన్న కింద టీవీ ముందు, ఫోన్ స్పీకర్‌లో ఉన్నారు. ఒక్కో జాయింటు బిగిస్తుంటే ఆయన అంకెలు చదివారు: "నలభై... నలభై ఐదు... ఆగు, కదపకు... ఎనభై." ఆ గొంతు వింటూ ఆ చీకట్లో కాసేపు అలాగే కూర్చున్నాను. పైకప్పు మీద వైరు మాత్రం ఇన్‌స్టాలర్‌ను పిలిపించి మార్పించాను. ఇప్పుడు స్ట్రెంగ్త్ 71, క్వాలిటీ 100. బూస్టర్‌తో వచ్చిన 92 కన్నా ఈ 71 ఎంతో మేలు.

బూస్టర్ ఎప్పుడూ వద్దని కాదు. దూరపు ఊళ్లో, బలహీనమైన సిగ్నల్‌కు, పొడవాటి వైరుకు, నాలుగు గదులకు అది అవసరమే. కానీ యాంటెనాకు దగ్గర్లో, సిగ్నల్ ఇంకా శుభ్రంగా ఉన్నచోటే పెట్టాలి. టీవీ వెనక పెట్టి లాభం లేదు.

ఇక నీ ఇంటి సంగతి. లెస్టర్‌కు సిగ్నల్ మామూలుగా వాల్థమ్ ట్రాన్స్‌మిటర్ నుంచి వస్తుంది. మెల్టన్ మోబ్రే అవతల, నీకు ఈశాన్యంగా ఇంచుమించు ముప్పై కిలోమీటర్లు. అటు పడమర వైపు బర్మింగ్‌హామ్ దగ్గర సట్టన్ కోల్డ్‌ఫీల్డ్ ఉంది. లండన్ బయట బ్రిటన్‌లో మొదటి టీవీ ట్రాన్స్‌మిటర్ అదే, 1949 డిసెంబర్‌లో మొదలైంది. లెస్టర్‌లో కొన్ని ఇళ్లకు రెండూ అందుతాయి, ఆటో ట్యూన్ చేస్తే టీవీ రెంటినీ కలిపేస్తుంది. రేపు సాయంత్రం బీబీసీ వన్‌లో స్థానిక వార్తలు చూడు. నాటింగ్‌హామ్ నుంచి వస్తే సరే. బర్మింగ్‌హామ్ వార్తలు వస్తుంటే నీ టీవీ పక్క ట్రాన్స్‌మిటర్‌ను పట్టుకుందన్నమాట. 800 తర్వాత నంబర్లలో అవే ఛానళ్లు రెండోసారి కనిపించినా అదే గుర్తు. అప్పుడు ఆటో ట్యూన్ వదిలేసి, నీ పోస్ట్‌కోడ్‌తో ఫ్రీవ్యూ వెబ్‌సైట్‌లో వాల్థమ్ మూటలు వచ్చే తరంగాల నంబర్లు చూసుకుని ఒక్కొక్కటే మాన్యువల్‌గా ట్యూన్ చెయ్యి.

ఇంట్లోంచి బయటికి వచ్చి ఇరుగుపొరుగు యాంటెనాలు కూడా చూడు. వాటి కడ్డీలు నేలకు సమాంతరంగా పడుకుని ఈశాన్యం వైపు చూస్తుంటే అవి వాల్థమ్‌వి. నిలువుగా ఉంటే చాలావరకు అవి పెద్ద ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ను తిరిగి ప్రసారం చేసే చిన్న రిలే స్టేషన్‌ను పట్టుకుంటున్నట్టు. రిలేల్లో ఎక్కువభాగం మూడు ముఖ్యమైన మూటలే ఇస్తాయి, మిగతా ఛానళ్ల కోసం ఎంత తిప్పుకున్నా రావు. నీ యాంటెనా కొసన రంగు బిరడా ఉందేమో కింద నుంచే ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అంటే పాతకాలంలో ఒక్కో తరంగాల గుంపు కోసం చేసినవి. 2020 కల్లా 700 మెగాహెర్ట్జ్ జాగాను మొబైల్ కంపెనీలకు ఇచ్చేసి టీవీని 21 నుంచి 48 వరకు నంబర్లున్న తరంగాల్లోకి జరిపారు. అప్పుడు చాలా ఊళ్లలో తరంగాలు మారాయి, పాత యాంటెనాలు మాత్రం మారలేదు. నిచ్చెన వేసుకుని పైకి ఎక్కకు. చెల్లెమ్మ నా మీద కోప్పడుతుంది.

టీవీ వెనక హెచ్‌డీఎంఐ వైరు యాంటెనా వైరును ఆనుకుని ఉంటే విడదీసి చూడు, చౌక వైర్ల నుంచి కారే రొదకు ఒక మూట మొత్తం పోతుంది. కొత్త ఎల్ఈడీ దీపం వేయగానే గళ్లు వస్తున్నాయా అన్నది కూడా గమనించు. దగ్గర్లో మొబైల్ టవర్ ఉంటే చిన్న ఫిల్టర్ ఒకటి సరిపోతుంది. టీవీ లైసెన్స్ తీసుకున్నావు కదా? లైవ్ టీవీ ఏది చూసినా, బీబీసీ వాళ్ల యాప్ ఐప్లేయర్‌లో ఏదైనా చూసినా ఇక్కడ అది ఉండాల్సిందే.

అత్తయ్య తెలుగు ఛానళ్లు ఇంటర్నెట్‌లో చూస్తారు కదా, ఇదెందుకు అంటావేమో. మీరిద్దరూ ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లాక ఆవిడ ఒక్కరే ఉంటారు. పాస్‌వర్డులు, యాప్‌లు, అప్‌డేట్లు లేకుండా ఒక నంబరు నొక్కితే తోటపనో వంటలో కళ్లముందు కదలడం ఆ వయసులో పెద్ద తోడు. నాన్నను చూశాక చెబుతున్నాను. ఈ ప్రసారాలను కనీసం 2034 వరకు ఉంచుతామని ఇక్కడి ప్రభుత్వం చెప్పింది, ఆ తర్వాత అంతా ఇంటర్నెట్‌లోనే అన్న చర్చ నడుస్తోంది. మన దగ్గర దూరదర్శన్ పాత ట్రాన్స్‌మిటర్లను కొద్దింటిని మినహా ఎప్పుడో మూసేశారు. నెలనెలా ఎవరికీ బిల్లు కట్టకుండా గాలిలోంచి బొమ్మ తీసుకునే వీలు పెద్దవాళ్లకు ఇంకొన్నాళ్లు ఉండాలని నాకు గట్టిగా ఉంది.

రేపు రాత్రి పిల్లలు పడుకున్నాక నాలుగు అంకెలు పంపు: ఒకటో నంబరు మీద స్ట్రెంగ్త్, క్వాలిటీ, మళ్లీ 101 మీద రెండూ. స్ప్లిటర్ ఎక్కడుందో ఫోటో తియ్యి. నా దగ్గర మంచి వైరు ఇంకా ఇరవై మీటర్లు మిగిలింది, ఎఫ్ కనెక్టర్లు ఒక డబ్బాడు ఉన్నాయి. వచ్చే శనివారం ఎనిమిదింటికల్లా బయల్దేరి వస్తాను. ఈసారి పైన నేనుంటాను, నువ్వు కింద నిలబడి చెప్పు.

నీ
శీను