ముందుకు వంగమని ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో గట్టి ఎముకల గురించి వేసిన వ్యాసం చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఆ ఫొటో ఊరుకోనివ్వడం లేదు. జుట్టు నెరిసిన పెద్దావిడ మోకాళ్లు వంచకుండా, వీపు గుండ్రంగా వంచి కాలివేళ్లు పట్టుకుంటోంది. కింద ‘రోజూ ఇలా చేయండి’ అని సలహా!

ఎముకలు గుల్లబారినవాళ్లు అలా వంగితే ఒత్తిడంతా వెన్నుపూసల ముందు అంచు మీద పడుతుంది. పూస ముందు పల్చగా, వెనక మందంగా నలిగిపోతుంది. గూని అలాగే వస్తుంది. 1984లో వచ్చిన అధ్యయనంలో (చిన్నదే అనుకోండి) ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి పూసలు కొత్తగా నలిగాయి, వీపును వెనక్కి లేపేవి చేసినవారిలో 16 శాతం మందికే. నలభై ఏళ్లు దాటింది, ఇంకా మీ పేజీకి చేరలేదు కాబోలు.

వేయాల్సిన ఫొటో వేరే ఉంది. బోర్లా పడుకుని, పొట్ట కింద దిండు పెట్టుకుని, చూపు నేల మీదే ఉంచి, ఛాతీని నాలుగు వేళ్ల ఎత్తు లేపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి. పదిసార్లు చాలు. ఊపిరి బిగబట్టకూడదు. కింద వస్తువు తీయాలంటే వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గరా మోకాళ్ల దగ్గరా వంగాలి.

‘ఎముకలకు ఈతను మించింది లేదు’ట! నీళ్లే ఒంటి బరువు మోస్తుంటే ఎముకకు పనేముంది? ఈత గుండెకు మంచిది, కాదనను. ఎముక గట్టిపడాలంటే దాని మీద బరువు పడాలి: మెట్లెక్కడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తడం.

ఇక పరగడుపున రెండు కాల్షియం మాత్రలా? కాల్షియం కార్బొనేట్ మాత్ర కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, తిన్నాకే వేసుకోవాలి. 1250 మిల్లీగ్రాముల మాత్రలో కాల్షియం 500. ఒక్కసారికి అంతకు మించి వేసుకున్నా సరిగా ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్ర వాడేవారు నాలుగు గంటలు ఎడం పాటించాలి.

మిమ్మల్నే అనడమెందుకు? శిబిరాలు పెట్టి గుప్పెళ్లతో మాత్రలు పంచే అధికారులు ఈ ముక్క చెబుతున్నారా? పార్కుల్లో పెట్టిన వ్యాయామ యంత్రాల్లో సగం కూర్చుని కాళ్లూపేవే. తుప్పు పట్టనివి ఉంటే.

సవరణ వేస్తే పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, ఆ ఫొటో వేసిన చోటే, అంత సైజులోనే వేయండి.

– ఒక ఫిజియోథెరపిస్టు